ట్యాబ్ ఎక్కడ ఆగుతుంది

2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలయ్యే ముందు బెంగళూరు నుంచి వెలుగోడు వచ్చేశాను. రెండు జతల బట్టలు, ఆఫీసు లాప్‌టాప్, ఎప్పటికైనా చదవాలని కొనిపెట్టుకున్న నాలుగు కథల పుస్తకాలు. పదిహేను రోజులు ఉంటాననుకున్నాను. మూడేళ్లు ఉన్నాను.

మా ఇంట్లో మిద్దె మీది గదిలో తప్ప సిగ్నల్ సరిగా అందదు. ఫోన్‌ని కిటికీ ఊచల మధ్య ఇరికించి, హాట్‌స్పాట్ పెట్టి, ఎక్కడో ఉన్న సర్వర్లోకి లాగిన్ అయ్యేవాణ్ణి. అలా దూరంగా ఉన్న మిషన్ మీద పని చేసేటప్పుడు మనం కొట్టిన అక్షరం మన తెర మీద వెంటనే పడదు. అది సర్వర్ దాకా పోయి తిరిగొస్తేనే కనబడుతుంది. నెట్ బాగుంటే ఈ రానూపోనూ ప్రయాణం ఎవరికీ తెలీదు. మా మిద్దె మీద మాత్రం తెలిసేది. ఒక అక్షరం కొట్టడం, కళ్లు చికిలించి చూడటం, ఇంకో అక్షరం కొట్టడం. తప్పు కొడితే చెరపడానికి మళ్లీ అంత సేపు.

అప్పటిదాకా నేను పెద్దగా పట్టించుకోని రెండు వస్తువులు ఆ గదిలో నాకు అన్నం పెట్టాయి. ఒకటి ట్యాబ్ మీట, రెండోది పై బాణం.

ఇది చదివేవాళ్లలో సగం మంది నాలాగే కీబోర్డు మీద బతికేవాళ్లు అయ్యుంటారు. మిగతా సగం కోసం రెండు ముక్కలు. షెల్ అంటే ఒక నల్లటి కిటికీ. అందులో ఒక గుర్తు, దాని పక్కన మిణుకుమిణుకుమనే కర్సర్. ఆ గుర్తుని ప్రాంప్ట్ అంటారు. దాని పక్కన ఒక లైను రాసి ఎంటర్ కొడితే మిషన్ ఆ పని చేస్తుంది. బొమ్మలుండవు, నొక్కడానికి బటన్లుండవు. కమాండ్ల పేర్లు, ఫైళ్ల పేర్లు, అన్నీ మనకే గుర్తుండాలి. అన్నీ ఎవరికి గుర్తుంటాయి? అందుకే ఈ రెండు సాయాలు. మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతా పేరు షెల్ పూర్తి చేస్తుంది. పై బాణం నొక్కితే ఇంతకుముందు రాసిన లైను, ఇంకోసారి నొక్కితే దాని ముందుది, అలా వెనక్కి పోతుంది. దాన్ని హిస్టరీ అంటారు.

ఇవి ఒక్క రోజులో వచ్చినవి కావు. 1970ల చివర్లో బర్క్‌లీలో బిల్ జాయ్ సీ-షెల్ రాసినప్పుడు హిస్టరీని అందులో పెట్టాడు. ఆశ్చర్యార్థకం రెండుసార్లు కొడితే కిందటి కమాండ్ మళ్లీ నడవడం అక్కణ్ణుంచి వచ్చిందే. పేరు పూర్తి చేసే ఏర్పాటు అంతకుముందే టెనెక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో ఉండేది. అక్కడ దానికి ట్యాబ్ కాదు, ఎస్కేప్ మీట. కెన్ గ్రియర్ ఆ అలవాటుని సీ-షెల్ దగ్గరికి తెచ్చాడు. టీసీ-షెల్ పేరులో ముందున్న 'టీ' టెనెక్స్‌దే. 1989లో బ్రయన్ ఫాక్స్ రాసిన బ్యాష్ ఈ రెండింటినీ తనలో కలుపుకుంది. అందులో మనం కొట్టే లైనుని దిద్దే, పూర్తి చేసే భాగం పేరు రీడ్‌లైన్. దాన్నీ బ్యాష్‌నీ చెట్ రేమీ దశాబ్దాలుగా చూసుకుంటున్నాడు.

అయితే ప్రాంప్ట్ అనే మాట నేను మొదట విన్నది కంప్యూటర్ దగ్గర కాదు. మా నాయన దగ్గర. ఆయన ప్రైమరీ స్కూల్ టీచర్. వయసులో ఉన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో పౌరాణిక నాటకాలకి 'ప్రాంటింగు' చెప్పేవాడు. సీన్లు, డ్రెస్సులు అద్దెకి తెచ్చి, హార్మోనియం ఆయన్ని పిలిపించి, తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగం నాటకం రాత్రంతా ఆడేవాళ్లు. కృష్ణుడి వేషం వేసేది ఒక ఎరువుల కొట్టు ఆయన. అర్జునుడు బస్సు కండక్టరు. పద్యాలైతే వాళ్లకి కంఠతా వచ్చేవి. ఎటొచ్చీ ఏ పద్యం తర్వాత ఏదో అక్కడ తడబడేవాళ్లు. నాయన పక్క తెర వెనక స్టూలు మీద పుస్తకం పట్టుకుని కూచుని, మొదటి మాట అందించేవాడు. అంతే. "మొత్తం చెప్తే జనానికి ఇనపడుతుంది. ఏమీ చెప్పకపోతే వాడు నిలబడిపోతాడు. ఒక్క మాట. అది గూడా వాడు మన దిక్కు చూసినప్పుడే," అనేవాడు.

* * *

మిద్దె మీద కూచున్న తొలి ఏడాదంతా నేను నా షెల్‌ని దిద్దుకుంటూ గడిపాను. ఇది ఒక జబ్బు లాంటిది. రాయాల్సిన ప్రోగ్రాం పక్కన పెట్టి, పెన్సిల్ చెక్కుకుంటూ కూచునే పిల్లాడి జబ్బు.

ముందు హిస్టరీ. బ్యాష్ మామూలుగా ఐదొందల లైన్లే గుర్తు పెట్టుకుంటుంది. దాన్ని లక్ష చేశాను. ఒకటే కమాండ్ పదిసార్లు కొడితే ఒక్కసారే నమోదయ్యేలా పెట్టాను. ప్రతి లైను పక్కన తేదీ, టైము పడేలా పెట్టాను. పై బాణం నొక్కితే వరసగా అన్నీ రాకుండా, నేను అప్పటిదాకా కొట్టిన అక్షరాలతో మొదలయ్యేవి మాత్రమే వచ్చేలా మార్చాను. ఈ చివరిది ఇన్‌పుట్‌ఆర్‌సీ అనే చిన్న ఫైల్లో రెండు లైన్లు, అంతే. కానీ నెట్ నత్తనడక నడిచేచోట ఆ రెండు లైన్లు రోజుకి గంట మిగిల్చాయి.

ఇంకో సంగతి ఆలస్యంగా తెలిసింది. బ్యాష్ మనం రాసిన లైన్లని అప్పటికప్పుడు ఫైల్లో రాయదు. మెమరీలో పట్టి ఉంచి, సెషన్ మూసేటప్పుడు రాస్తుంది. మా ఊరి రిజర్వాయర్ లాగే. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, బనకచర్ల మీదుగా వచ్చే కృష్ణ నీళ్లని ఇక్కడ నిలబెట్టి, తెలుగుగంగలో కిందికి, చెన్నై దాకా వదుల్తారు. అందుకే కాగితాల్లో దాని పేరు వెలుగోడు బ్యాలెన్సింగ్ రిజర్వాయర్. దాదాపు 17 టీఎంసీలు పడతాయి. బ్యాష్‌తో ఇబ్బంది ఏంటంటే, రెండు కిటికీలు తెరిచి పని చేస్తే, చివర మూసిన కిటికీ తన హిస్టరీని మొదటిదాని మీద రాసేస్తుంది. మొదటి కిటికీలో పొద్దంతా చేసిన పని గుర్తు లేకుండా పోతుంది. రాసేటప్పుడు పాతదాన్ని తుడవకుండా కింద చేర్చమని ఒక సెట్టింగ్, ప్రతి కమాండ్ తర్వాత వెంటనే రాసేయమని ఇంకొకటి పెట్టాక ఆ బాధ పోయింది.

తర్వాత ట్యాబ్. ఇక్కడే నేను అత్యాశకి పోయాను.

మామూలుగా ట్యాబ్ ఎలా పని చేస్తుందో చూడండి. నేను 'వె' అని కొట్టి ట్యాబ్ నొక్కాను. ఆ ఫోల్డర్లో 'వెలుగోడు', 'వెలుతురు' అని రెండు ఫైళ్లున్నాయి. రెంటికీ ఉమ్మడిగా ఉన్న 'వెలు' వరకు అది పూర్తి చేస్తుంది. అక్కడ ఆగి, టింగుమని ఒక చిన్న గంట కొడుతుంది. రెండోసారి ట్యాబ్ నొక్కితే ఇవిగో ఉన్నవి ఇవీ అని జాబితా చూపిస్తుంది. ఏది కావాలో తను తేల్చదు. ఖాయంగా తెలిసినంత మేరకే ముందుకొస్తుంది. అనుమానం మొదలైన అక్షరం దగ్గర ఆగిపోతుంది.

నాకు ఆ ఆగడం నచ్చలేదు. మెనూ-కంప్లీట్ అని ఇంకో పద్ధతి ఉంది. అందులో ట్యాబ్ నొక్కగానే జాబితాలో మొదటి పేరు మొత్తం వచ్చేస్తుంది. అది కాకపోతే మళ్లీ నొక్కాలి, రెండోది వస్తుంది. ట్యాబ్‌ని దానికి కట్టేశాను. అంతటితో ఆగకుండా, టెస్ట్ డేటా తుడిచి మళ్లీ నింపడానికి నేనే రాసుకున్న ఒక స్క్రిప్టుకి సొంత కంప్లీషన్ రాశాను. అదేం పెద్ద విద్య కాదు. ఇప్పటిదాకా కొట్టిన మాటలేంటి, ఇప్పుడు ఎన్నో మాట మీద ఉన్నాం అనేది షెల్ మన ఫంక్షన్‌కి అందిస్తుంది. మనం తగిన పేర్లు ఒక జాబితాలో పెట్టి ఇస్తే చాలు. మిగతాది రీడ్‌లైన్ చూసుకుంటుంది. నేను జాబితాలో మా మిషన్ల పేర్లన్నీ పెట్టాను. అన్నీ. 'ప్రీప్రాడ్' అనేది పరీక్షలకి. 'ప్రాడ్' అనేది జనం వాడేది. ఇంగ్లీషు అక్షరాల్లో రెంటికీ మొదటి రెండక్షరాలూ ఒకటే.

2021లో ఒక మధ్యాహ్నం. ఆ రెండక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కాను. తెర కదల్లేదు. ఇంకోసారి నొక్కాను. 'ప్రీప్రాడ్' కనబడింది. ఎంటర్ కొట్టాను. తెర మీద ఉన్నది మొదటి ట్యాబ్ జవాబు. రెండో ట్యాబ్ అప్పటికే దారిలో ఉంది. నా ఎంటర్ దాని వెనకే పోయింది. సర్వర్ దగ్గరికి చేరేసరికి ఆ లైన్లో ఉన్న పేరు 'ప్రాడ్'.

బ్యాకప్ ఉంది కాబట్టి నలభై నిమిషాల్లో మళ్లీ నిలబెట్టాం. ఉద్యోగం పోలేదు. కానీ ఆ రాత్రి హిస్టరీ తెరిచి చూస్తే, ఆ లైను మిగతా లైన్ల మధ్య బుద్ధిగా కూచుని ఉంది. తేదీ, టైముతో సహా. హిస్టరీకి ఏది తప్పో ఏది ఒప్పో తెలీదు. రేపు మళ్లీ నేను పై బాణం నొక్కితే, నిన్నటి మంచి లైన్లని ఎంత ప్రేమగా అందిస్తుందో దీన్నీ అంతే ప్రేమగా అందిస్తుంది.

మర్నాడు కూచుని చాలా పీకేశాను. ట్యాబ్‌ని పాత పద్ధతికి మార్చాను. అనుమానం ఉంటే గంట కొట్టి ఊరుకోకుండా మొదటిసారే జాబితా చూపించమన్నాను. ఆశ్చర్యార్థకంతో పాత కమాండ్‌ని పిలిస్తే వెంటనే నడపకుండా, లైన్లో పెట్టి నా ఎంటర్ కోసం ఆగేలా హిస్ట్‌వెరిఫై అనే సెట్టింగ్ పెట్టాను. తుడిచేసే కమాండ్లు హిస్టరీలో నమోదే కాకుండా హిస్ట్‌ఇగ్నోర్‌లో రాశాను. నా స్క్రిప్టు జాబితాలోంచి 'ప్రాడ్' తీసేశాను. అవసరమైతే ప్రతి అక్షరం నేనే కొట్టాలి. షెల్‌ని దిద్దుకోవడం అంటే అది ఎంత సాయం చేయగలదో పెంచుకుంటూ పోవడం అనుకునేవాణ్ణి. ఎక్కడ ఆగాలో చెప్పడం కూడా అందులో భాగమే అని అప్పుడు తెలిసింది. మా నాయనకి స్టూలు మీద కూచున్నప్పుడే తెలిసిన విషయం.

* * *

నా హిస్టరీ ఫైల్లో 2021 డిసెంబర్లో ఒకచోట పదకొండు రోజులు ఒక్క లైనూ లేదు. నాయనకి పక్షవాతం వచ్చిన రోజులవి. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి కుడి చెయ్యి కొంచెం కొంచెం లేస్తోంది. మాట మాత్రం రాలేదు. మనం చెప్పేవి అర్థమవుతున్నాయి. తన మనసులో ఏముందో తనకి తెలుసు. మాట మొదటి అక్షరం దాకా వచ్చి ఆగిపోయేది. దీన్ని అఫేజియా అంటారని అప్పుడే తెలుసుకున్నాను.

"నీ..." అనేవాడు. వెంటనే అమ్మ "నీళ్లా?" అనేది. చెల్లెలు "నీరసంగా ఉందా నాయనా?" అనేది. నేను "నీడలోకి జరపాలా?" అనేవాణ్ణి. ఆయన కళ్లు ఒకరి మీద నుంచి ఒకరి మీదికి తిరిగేవి. ఆఖరికి చెయ్యి విదిలించి గోడవైపు తిరిగేవాడు. మేం ముగ్గురం ప్రేమతోనే చేశాం ఆ పని. మెనూ-కంప్లీట్ కూడా ప్రేమతోనే చేస్తుంది.

స్పీచ్ థెరపీ చేసే ఆమె వారానికి ఒకసారి వీడియో కాల్‌లో మాట్లాడేది. మొదటి రోజే చెప్పింది. "ఆయన బదులు మీరు పూర్తి చేయొద్దు. మనసులో పది లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే, మాట మొత్తం కాదు, మొదటి శబ్దం అందించండి." గడియారం బొమ్మ చూపించి, "గ..." అని ఆగేది. నాయన పెదాలు కదిలేవి. కాసేపటికి "గడి... యారం" అనేవాడు. నేను ఫోన్ పట్టుకుని పక్కన నిలబడి ఉండేవాణ్ణి. ఎరువుల కొట్టు కృష్ణుడికి తెర పక్కనుంచి నాయన అందించినట్టే, ఆమె నాయనకి అందించేది.

అంతకన్నా ఆశ్చర్యం ఇంకోటి. ఒక సాయంత్రం అమ్మ పాత సంగతులు మాట్లాడుతూ రాయబారం సీను ప్రస్తావన తెచ్చింది. నాయన ఉన్నట్టుండి పద్యం ఎత్తుకున్నాడు. కృష్ణుడి పద్యం, రాగంతో సహా, నాలుగు పాదాలూ. ఒక్క మాట తడబడలేదు. మంచినీళ్లు అడగలేని మనిషి! అమ్మ ఏడ్చేసింది. నయమైపోయిందనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

థెరపీ ఆమె ఆ ఆశని మెల్లగా దించింది. ఎన్నోసార్లు వల్లె వేసిన పద్యాలు, పాటలు, వారాల పేర్లు, ఒకట్లు, ఇలాంటివి చాలా మందిలో అలాగే మిగిలి ఉంటాయట. అవి ఒక్కో మాటగా కట్టుకున్నవి కావు, ముద్దగా వచ్చేవి. అది మంచి గుర్తే, కానీ కొత్త వాక్యం కట్టడం వేరే పని అంది.

ఆమె ఆ మాటలు అంటుంటే నాకు నా రెండు మీటలే గుర్తొచ్చాయి. నాయన హిస్టరీ చెక్కు చెదరలేదు. పై బాణం నొక్కితే నలభై ఏళ్ల కిందటి లైను మొత్తంగా వస్తోంది. పోయింది కర్సర్ దగ్గర కొత్త లైను రాయడం. అప్పటిదాకా ఆ రెండూ ఒకే జ్ఞాపకం అనుకునేవాణ్ణి.

ఆ తర్వాత మేం పది లెక్కపెట్టడం నేర్చుకున్నాం. చెప్పినంత తేలిక కాదు. నాకు పుస్తకాల గురించి రాసే అలవాటుంది కదా, కథ సగంలో ఉండగానే ముగింపు నేనే కట్టేసుకుని, రచయిత ఇంకోటి రాస్తే ఆయన్నే తప్పు పట్టిన సందర్భాలున్నాయి. అదే బుద్ధి. ఆరు దగ్గరికొచ్చేసరికి నోరు తెరుచుకునేది. ఆరు నెలలకి నాయన చిన్న చిన్న మాటలు అందుకున్నాడు. ఈలోగా మా ఊరు కర్నూలు జిల్లాలోంచి నంద్యాల జిల్లాలోకి మారింది, 2022 ఏప్రిల్ 4న. అడ్రస్ రాయాల్సిన ప్రతిచోటా నా చెయ్యి ఇప్పటికీ 'కర్నూ' దాకా పోయి ఆగుతుంది.

* * *

2023 మొదట్లో ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఇక ఇంటి నుంచి కుదరదు, వారానికి మూడు రోజులైనా రావాలి అని. రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. నాయన ఎడం చేత్తో అన్నం కలుపుకుంటున్నాడు. తలెత్తి నా వైపు చూసి, "పో..." అన్నాడు.

ఆగిపోయాడు.

తెలుగులో ఇదొక చిక్కు. ఇంగ్లీషులో వద్దనే మాట ముందే వచ్చేస్తుంది. మనకి చివర్లో వస్తుంది. పోవద్దు, పోయిరా, పోతావా, పోనీలే. నాలుక 'పో' దగ్గర ఆగిందంటే ఇంకా ఏమీ తేలనట్టే. బ్యాష్ అయితే గంట కొట్టేది.

"పోవద్దంటాండాడు రా," అంది అమ్మ. ఆమె ఎప్పుడూ పది లెక్కపెట్టే మనిషే. ఆ రోజు లెక్కపెట్టలేదు.

నాయన తల అడ్డంగా ఊపాడు. కాదనా? ఆగమనా? నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆయన మళ్లీ "పో..." అన్నాడు. నేను పది దాటి పదిహేను దాకా పోయాను. మొదటి శబ్దం అందిద్దామంటే ఏది అందించాలి? 'వ' అంటే ఒకటవుతుంది, 'య' అంటే ఇంకోటవుతుంది. నేను ఏ అక్షరం అందిస్తే ఆయన నోట అదే రావచ్చు. నేను కోరుకున్నది ఆయన చేత అనిపించినట్టవుతుంది. ఊరుకున్నాను.

"పో... యి... రా," అన్నాడు.

నెల తిరక్కుండా బెంగళూరు వచ్చేశాను. నెలకి రెండుసార్లు నంద్యాల దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఊరికి ఇంకో బస్సు పట్టుకుని వెళ్తున్నాను.

ఒక్కటి మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నేను ఇంజినీరింగ్‌లో చేరిన రోజు నుంచి, బస్సెక్కిన ప్రతిసారీ నాయన కిటికీ కింద నిలబడి అనేది అదే మాట. "పోయిరా." కొన్ని వందలసార్లు అనుంటాడు. ఆ రాత్రి ఆయన అన్నది నా ప్రశ్న విని, ఆలోచించి, అప్పటికప్పుడు కట్టిన మాటా? లేక ప్రయాణం అనే మాట చెవిన పడగానే ముద్దగా వచ్చిన పాత లైనా? తల అడ్డంగా ఊపినప్పుడు ఆయన ఏం కాదన్నాడు? అడగొచ్చు. ఇప్పుడు ఇంకాస్త బాగా మాట్లాడుతున్నాడు కూడా. అడిగితే ఏదో ఒకటి అంటాడు. కానీ నేను అడిగే తీరులోనే నాకు కావాల్సిన జవాబు మొదటి అక్షరం ఉంటుందేమోనని భయం.

ఆదివారాలు ఫోన్ చేస్తాను. అమ్మ స్పీకర్ పెట్టి ఆయన ముందు ఉంచుతుంది. నాయన ఒక అక్షరం అని ఆగుతాడు. అవతల ఫ్యాను చప్పుడు వినబడుతుంటుంది. నేను లెక్కపెడతాను.